డెబ్బైల్లో ఒహాయో హైస్కూల్ ఫుట్‌బాల్ నిజంగా అంత మొరటుగా ఉండేదా?

మీరు రెండు సంగతులు అడిగారండీ. మీ అబ్బాయి ఈ ఆగస్టులో తొమ్మిదో తరగతిలోకి వెళ్తూ స్కూల్ ఫుట్‌బాల్ టీమ్‌లో ఆడతానంటున్నాడు (కాళ్లతో తన్నే సాకర్ కాదు, హెల్మెట్లు పెట్టుకుని గుద్దుకునే అమెరికన్ ఫుట్‌బాల్). పాతకాలంలో ఈ ఆట ఎంత మొరటుగా ఉండేదో మీ ఆఫీసులో అమెరికన్ పెద్దవాళ్లు కథలు కథలుగా చెబుతున్నారు, అవి నిజమేనా అన్నది మొదటిది. ఆడినవాడిగా నేనైతే కొడుకుని పంపుతానా అన్నది రెండోది. మొదటిదానికి నా జవాబు: నిజమే, వాళ్లు కొంత తగ్గించే చెప్పి ఉంటారు. రెండోదానికి అవుననో కాదనో ఒక్క మాటలో చెప్పలేను. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

నేను 1973లో, పన్నెండేళ్ల వయసులో బాపట్ల నుంచి ఒహాయో వచ్చాను. 1965లో వలస చట్టం మారాక అమెరికా వచ్చిన డాక్టర్లలో మా నాన్న ఒకరు. యంగ్స్‌టౌన్ పక్కన, మహోనింగ్ నది ఒడ్డున ఉన్న ఒక ఉక్కు ఊళ్లో ఆయనకు ఉద్యోగం దొరికింది. ఆ ప్రాంతంలో ఫుట్‌బాల్ అంటే ఏమిటో బయటివాళ్లకు చెప్పడం కష్టం. అక్కడికి గంట దూరంలో ఉన్న మాసిలన్‌లో మగపిల్లాడు పుడితే ఆసుపత్రి ఉయ్యాల్లోనే చిన్న ఫుట్‌బాల్ పెట్టేవాళ్లు. దాని పక్క ఊరు కాంటన్‌లోనే 1920లో ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్) పుట్టింది. ఆ రెండు ఊళ్ల మధ్య పోటీ 1894 నుంచి నడుస్తోంది. శుక్రవారం సాయంత్రం స్టేడియంలో దీపాలు వెలిగాయంటే ఊళ్లో మిగతా పనులన్నీ ఆగిపోయేవి. అలాంటి చోట ఇంగ్లిష్ యాస కుదరని, సన్నగా, నల్లగా ఉన్న కుర్రాడు నలుగురిలో కలవాలంటే దారి ఒకటే. 1975 నుంచి 1978 దాకా నాలుగు సీజన్లు ఆడాను. తర్వాత నేనూ డాక్టర్నై, చాలా ఏళ్లు స్కూల్ మ్యాచ్‌లకు సైడ్‌లైన్ మీద నిలబడ్డాను. కాబట్టి రెండు కాలాలూ దగ్గరగా చూశాను.

ముందు నీళ్ల గురించి చెప్పాలి.

స్కూలు ఇంకా తెరవకముందే ఆగస్టులో రోజుకు రెండు ప్రాక్టీసులు ఉండేవి, పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. ‘టూ-ఎ-డేస్’ అనేవాళ్లం. మొదటి రోజు నుంచే హెల్మెట్, షోల్డర్ ప్యాడ్స్, తొడలకు, మోకాళ్లకు ప్యాడ్లు, అన్నీ తొడగాల్సిందే. మాకు ఇచ్చింది ఉప్పు బిళ్లలు. నీళ్లు మాత్రం ఇచ్చేవాళ్లు కాదు. ప్రాక్టీస్ మధ్యలో నీళ్లు తాగితే కడుపులో పట్టేస్తుందని, పైగా నీళ్లడిగేవాడు నాలుగో క్వార్టర్‌లో, అంటే ఆట చివరి పావులో, చేతులెత్తేస్తాడని ఒక నమ్మకం. కోచ్‌లు చెడ్డవాళ్లు కాదు. వాళ్ల కోచ్‌లు వాళ్లకు అదే నేర్పారు. 1954లో టెక్సస్ ఏ అండ్ ఎం జట్టును కోచ్ బేర్ బ్రయంట్ జంక్షన్ అనే చిన్న ఊరికి తీసుకెళ్లి, కరువు రోజుల్లో, ఎర్రటి ఎండలో పది రోజులు నీళ్లివ్వకుండా తోమేశాడు. చాలామంది రాత్రికి రాత్రే మూటాముల్లే సర్దుకుని పారిపోయారు. ఆ కథను మా కోచ్‌లు భక్తితో చెప్పేవాళ్లు, మేమూ భక్తితోనే వినేవాళ్లం.

నోరు పిడచకట్టుకుపోయేది. చెమటకు తడిసిన జెర్సీ కాలర్ పీల్చేవాళ్లం. ముఖం తుడుచుకోవడానికని ఒక బకెట్‌లో తడి తువాలు పెట్టేవాళ్లు, నలభై మందీ తుడుచుకున్న ఆ తువాలునే ఎవరూ చూడనప్పుడు నోట్లో పిండుకునేవాళ్లం. 1976 ఆగస్టులో మా లైన్‌లో ఆడే ఒక భారీ కుర్రాడు పరుగు మధ్యలో పక్కకు వాలిపోయాడు. అప్పటికి అతనికి చెమట పట్టడం ఆగిపోయింది, మాట ముద్దముద్దగా వస్తోంది. చెట్టు నీడకు లాగి పడుకోబెట్టి, మిగతావాళ్లం ప్రాక్టీస్ కొనసాగించాం. ఎవరో హోస్ పైపుతో అతని మీద నీళ్లు కొట్టారు. బతికాడు. అది వడదెబ్బ అని, నిమిషాల్లో చల్లబరచకపోతే ప్రాణం పోతుందని నాకు మెడికల్ కాలేజీలో అర్థమైంది. ఆ రాత్రి హాస్టల్ గదిలో చాలాసేపు నిద్ర పట్టలేదు. అతను లేవకపోయి ఉంటే మేం ఆ పక్కనే గంతులేస్తూ ఉండేవాళ్లం కదా అనిపించింది.

2001లో మిన్నెసోటా వైకింగ్స్ ఆటగాడు కోరీ స్ట్రింగర్ ట్రైనింగ్ క్యాంపులో వడదెబ్బకు చనిపోయాడు. అతను మా మహోనింగ్ లోయవాడే, వారెన్ కుర్రాడు. దేశమంతా కదిలింది అప్పుడే. 2009లో అథ్లెటిక్ ట్రైనర్ల (ఆటగాళ్ల గాయాలు చూసే నిపుణుల) జాతీయ సంఘం హైస్కూళ్ల కోసం స్పష్టమైన పద్ధతి రాసింది: మొదటి రెండు రోజులు హెల్మెట్ మాత్రమే, మూడు నుంచి ఐదో రోజు దాకా హెల్మెట్, షోల్డర్ ప్యాడ్స్, ఆరో రోజు నుంచే పూర్తి సరంజామా, మొదటి ఐదు రోజులూ రోజుకు ఒక్క ప్రాక్టీసే. ఒళ్లు ఎండకు అలవాటు పడటానికి దాదాపు రెండు వారాలు కావాలన్నది దీని వెనక ఉన్న లెక్క. మా కాలంలో ఆ రెండు వారాలే అన్నిటికన్నా కఠినమైన వారాలు. ఒంటికి కావలసిన దానికి సరిగ్గా తలకిందులుగా చేసేవాళ్లం.

ఇక కొట్టుకోవడం. మీ సహోద్యోగులు ‘బుల్ ఇన్ ద రింగ్’ అన్న మాట వాడే ఉంటారు. అందరూ గుండ్రంగా నిలబడతారు, ఒకడు మధ్యలో. కోచ్ ఒక నంబరు అరుస్తాడు. ఆ నంబరువాడు పరుగెత్తుకొచ్చి మధ్యలో ఉన్నవాణ్ని గుద్దాలి. వాడు తేరుకుని తిరిగేలోగా వెనక నుంచి ఇంకో నంబరు. మధ్యలో ఉన్నవాడికి దెబ్బ ఎటునుంచి వస్తుందో తెలియదు, అసలు కిటుకంతా అదే. ఇంకోటి ‘ఒక్లహోమా డ్రిల్’. రెండు డమ్మీల మధ్య సందు, ఎదురెదురుగా ఇద్దరు, విజిల్. పొట్టేళ్ల పందెమే. మిగతావాళ్లు చుట్టూ చేరి కేకలు. నేను 155 పౌండ్ల గార్డ్‌ని, ముందు వరుసలో అవతలివాళ్లను అడ్డుకునేవాణ్ని; 155 పౌండ్లంటే 70 కిలోలు. నాకన్నా ముప్ఫై కిలోలు ఎక్కువున్నవాడి ఎదురుగా నిలబెట్టిన రోజులున్నాయి. మొదటి సీజన్‌లో పడ్డ ప్రతిసారీ “లే, మళ్లీ” అన్నారు. మళ్లీ లేచాను. పదోసారో పన్నెండోసారో వాడు ఒక అడుగు వెనక్కి వెళ్లాడు. చుట్టూ ఉన్నవాళ్లు నా పేరు పెట్టి అరిచారు. అప్పటిదాకా నాకు వాళ్లు పెట్టిన పేరు వేరే ఉండేది, ఇక్కడ రాయను. ఆ రోజు నుంచి అది ఆగింది. ఈ సంగతి కూడా చెప్పకపోతే నా జవాబు సగమే అవుతుంది. ఆ డ్రిల్స్‌ను 2019లో ఎన్‌ఎఫ్‌ఎల్ కూడా నిషేధించింది. సరైన పనే చేసింది. అయినా ఆ కేక ఇప్పటికీ చెవుల్లో ఉంది.

మ్యాచ్‌లలో పైల్ కింద జరిగేవి ఎవరికీ కనబడేవి కావు. బంతి కోసం పది మంది మీద పడ్డాక అడుగున వేళ్లు విరవడం, కొరకడం, ఫేస్‌మాస్క్ సందులోంచి కళ్లల్లో వేళ్లు పెట్టడం మామూలు. పరుగెత్తేవాడి మెడకు అడ్డంగా మోచేయి చాచి పడగొట్టడాన్ని చూసి జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టేవాళ్లు. పెన్‌హిల్స్‌లో అప్పుడే కొత్తగా వెలసిన వేంకటేశ్వరస్వామి గుడికి ఆదివారాలు వెళ్తే, నా మోచేతుల మీద చెక్కుకుపోయిన చర్మం చూసి అర్చకులు “సైకిల్ మీంచి పడ్డావా బాబూ?” అని అడిగారు. అమ్మ నా వైపు చూసి, ఆయనకు ఏమీ చెప్పలేదు. కార్లో మాత్రం, “ఇందుకా నిన్ను పెంచింది, వీళ్ల కాళ్ల కింద పడి దొర్లడానికా?” అంది.

అసలు ప్రమాదం డ్రిల్స్‌లోనూ లేదు, మోచేతుల్లోనూ లేదు. మాకు నేర్పిన టాకిల్‌లో, అంటే బంతి పట్టుకున్నవాణ్ని పడగొట్టే పద్ధతిలో, ఉంది. తలతో కొట్టమన్నారు. “నీ ఫేస్‌మాస్క్ వాడి ఛాతీ మీది నంబర్లలో దిగాలి” అన్నది మొదటి పాఠం. తోలు టోపీల కాలంలో ఎవడూ తలను ముందు పెట్టేవాడు కాదు, ముక్కు పగిలేది. 1939లో ప్లాస్టిక్ హెల్మెట్ వచ్చింది, యాభైలలో ఫేస్‌మాస్క్ మామూలైంది. ముఖానికి భయం పోయేసరికి తల ఆయుధమైంది. మెడను నిటారుగా ఉంచితే దాని వెన్నుపూసల్లో సహజమైన వంపు ఉంటుంది, దెబ్బను కండరాలు కొంత పంచుకుంటాయి. గడ్డం కాస్త కిందికి దించితే ఆ వంపు పోయి మెడ తిన్నని కర్ర అవుతుంది. నడినెత్తి మీద దెబ్బ తగిలితే ఆ బలమంతా నేరుగా వెన్నుపూసల మీద పడుతుంది, అవి నలిగిపోతాయి. 1968లో ఒక్క ఏడాదిలో అమెరికాలో ఫుట్‌బాల్ దెబ్బల వల్ల నేరుగా 36 మంది ఆటగాళ్లు చనిపోయారు, ఎక్కువమంది తల, మెడ గాయాలతోనే. 

ఫిలడెల్ఫియాలో జోసెఫ్ టోర్గ్ అనే ఎముకల డాక్టరు 1975 నుంచి దేశవ్యాప్తంగా ఈ కేసులు పోగుచేసి, దెబ్బ తగిలిన క్షణాల ఫిల్ములు చూసి, కారణం అప్పటిదాకా అనుకున్నట్టు హెల్మెట్ వెనక అంచు మెడకు తగలడం కాదు, తల దించి గుద్దడమే అని తేల్చారు. 1976లో హైస్కూళ్లకూ కాలేజీలకూ కొత్త రూల్ వచ్చింది: బ్లాక్‌లో (ఎదుటివాణ్ని అడ్డుకోవడంలో) గానీ టాకిల్‌లో గానీ ముందు తలతో తాకడం నిషిద్ధం. ఆయన లెక్క ప్రకారం కాళ్లూచేతులూ శాశ్వతంగా పడిపోయిన ఆటగాళ్లు 1976లో 34 మంది, మరుసటి ఏడు 18, 1984 నాటికి 5. ఖర్చు లేదు, కొత్త పరికరం లేదు, నేర్పే మాట మారింది, అంతే. ఒక డాక్టరుగా నేను చూసిన గొప్ప మందుల్లో దాన్ని ఒకటిగా లెక్కపెడతాను. 1990లో నేరుగా ఆట దెబ్బలతో ఒక్క మరణం కూడా లేదు.

ఆ రూల్ వచ్చిన ఆగస్టు నాకు బాగా గుర్తు. మా లైన్ కోచ్ దాన్ని చదివి వినిపించి, “ఇంతకాలం మీకు తప్పు నేర్పాను, ఇవాళ్టి నుంచి కళ్లు ఆకాశం వైపు, భుజంతో కొట్టండి” అన్నాడు. యాభై దాటిన మనిషి, పిల్లల ముందు ఆ మాట అనడం చిన్న సంగతి కాదు. ఇంకో కోచ్ మాత్రం ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని, పాత పద్ధతిలోనే అరిచాడు. మేం కూడా చాలామందిమి సీజన్ మొత్తం పాత అలవాటుతోనే కొట్టాం, ఎందుకంటే రెఫరీలు పెద్దగా పట్టించుకోలేదు. మా హెల్మెట్లు కూడా చూడాల్సినవే. లోపల తల చుట్టూ గుడ్డ పట్టీలు వేలాడేవి, పట్టీకీ డొప్పకూ మధ్య ఖాళీ. సీనియర్లు వదిలేసినవి జూనియర్లకు. హైస్కూళ్లలో పరీక్ష పాసైన హెల్మెట్లే వాడాలన్న నిబంధన 1980లో గానీ రాలేదు. అప్పటికి నేను ఆట వదిలేశాను.

1977 సెప్టెంబరు 19, సోమవారం. యంగ్స్‌టౌన్ షీట్ అండ్ ట్యూబ్ కంపెనీ తన క్యాంప్‌బెల్ వర్క్స్ మూసేస్తున్నట్టు ప్రకటించింది. దాదాపు 5,000 ఉద్యోగాలు. అక్కడివాళ్లు ఇప్పటికీ దాన్ని ‘బ్లాక్ మండే’ అంటారు. మా టీమ్‌లో సగం మంది నాన్నలు ఆ కొలిమిలోనో, దానిమీద ఆధారపడ్డ ఏదో షెడ్డులోనో పనిచేసేవాళ్లు. ఆ సాయంత్రం ప్రాక్టీస్‌లో ఎవరూ మాట్లాడలేదు. ఆ శుక్రవారం స్టేడియంలో నిలబడటానికి చోటు లేదు. మా కుర్రాళ్లు ఆ రాత్రి ఆడిన ఆటలాంటిది నేను మళ్లీ చూడలేదు. అవతలి జట్టువాళ్ల నాన్నలవీ అవే ఉద్యోగాలు. రెండు వైపులా ఎవరి మీదో తెలియని కోపం, చేతికి దొరికిన మనిషి మీద చూపించారు. మొరటుతనం అంటే మీ సహోద్యోగులు నవ్వుతూ చెప్పే కథలు ఉంటాయి కదా, వాటి అడుగున ఇలాంటివి కూడా ఉన్నాయి.

అది జరిగిన మూడు వారాలకు నా వంతు వచ్చింది. రెండో క్వార్టర్‌లో స్వీప్ అనే ఎత్తుగడ, అంటే బంతి పట్టుకున్నవాడు మైదానం అంచు వైపు పరుగెడతాడు; నేను లైన్ నుంచి బయటికొచ్చి అతని ముందు పరుగెడుతున్నాను. పక్కనుంచి అవతలి జట్టు లైన్‌బ్యాకర్ (లైన్ వెనక నిలబడి కాపు కాసేవాడు) మోకాలు నా హెల్మెట్‌కు తగిలింది. చుక్కలు కనబడటం దాకా నాకు గుర్తుంది. మిగతాది మా క్వార్టర్‌బ్యాక్ (జట్టు ఎత్తుగడలు నడిపించేవాడు) చెప్పగా విన్నదే. ముక్కు దగ్గర అమ్మోనియా పెట్టారట. ఎన్ని వేళ్లు అని అడిగితే సరిగ్గానే చెప్పానట. అదే మ్యాచ్‌లో రెండు ఎత్తుగడలు ఆడాక మళ్లీ దింపారు. అందరూ గుండ్రంగా చేరే హడిల్‌లో క్వార్టర్‌బ్యాక్ తర్వాతి ఎత్తుగడ పేరు చెప్పి, అర్థమైందా అని అడిగితే నేను తెలుగులో జవాబిచ్చానట. అతనికి ఒక్క ముక్క తెలియకపోయినా, “సరే, నా వెనక రా” అని చేయి పట్టుకుని చోటులో నిలబెట్టాడట. అలా రెండో సగమంతా ఆడాను. మేం గెలిచాం. ఆ గెలుపు నాకు ఇప్పటికీ గుర్తు లేదు.

రాత్రి నాన్న టార్చి వేసి కళ్లు చూశారు. గంటగంటకూ లేపి, మన బాపట్ల ఇంటి ముందు ఏ చెట్టు ఉండేదని అడిగారు. పొద్దున్నే, “ఇక చాలు, మానెయ్” అన్నారు. నేను ఏడ్చాను. తలనొప్పి లేదని ఒట్టేశాను. రెండు వారాల పాటు క్లాసులో బోర్డు చూస్తే కళ్లు బైర్లు కమ్మేవి. ఎవరికీ చెప్పలేదు. నాన్నకు చెప్పలేదు, కోచ్‌కు చెప్పలేదు, చేయి పట్టుకుని నిలబెట్టిన స్నేహితుడికీ చెప్పలేదు. తర్వాతి శుక్రవారం ఆడాను. మొదటి దెబ్బ మానకముందే రెండోది తగిలితే కుర్రవాళ్ల మెదడు ఒక్కోసారి నిమిషాల్లో వాచి ప్రాణం పోతుందని నాకు అప్పుడు తెలియదు. తెలిసుంటే చెప్పేవాణ్నా? నిజం చెప్పాలంటే, పదహారేళ్ల నేను చెప్పేవాణ్ని కాదు. చెప్పినవాడి మీద టీమ్ చూపు ఎలా మారుతుందో అంతకుముందు రెండేళ్లు చూశాను.

నాకు ఆ కాలం మీద ఉన్న ఫిర్యాదు ఇదేనండీ. దెబ్బలు తగలడం కాదు. తగిలిన దెబ్బను దాచడం మగతనమని నేర్పారు, మేం అది బాగా నేర్చుకున్నాం. నీళ్లు అడగకపోవడంతో మొదలైంది. దాహం దాచినవాడు తలనొప్పి దాస్తాడు. తలనొప్పి దాచినవాడు నలభై ఏళ్లకు భార్య దగ్గర మతిమరుపు దాస్తాడు. ఇద్దరు టీమ్‌మేట్లను అలాగే చూస్తున్నాను. ఆట వల్లే అయిందని వాళ్ల విషయంలో నేను చెప్పలేను, పదేపదే తగిలిన తల దెబ్బలతో మెదడు క్షీణించే సీటీఈ అనే జబ్బు ఖాయంగా తేలేది మరణం తర్వాత మెదడు పరీక్షలోనే. మాకు ఇష్టమైన పిట్స్‌బర్గ్ స్టీలర్స్ సెంటర్ మైక్ వెబ్‌స్టర్ 2002లో యాభై ఏళ్లకే పోయాడు. అతని మెదడును పరీక్షించిన డాక్టర్ బెనెట్ ఒమాలు ఫుట్‌బాల్ ఆటగాడిలో ఆ జబ్బును 2005లో బయటపెట్టారు. పెద్ద దెబ్బలే కాదు, ఏళ్ల తరబడి రోజూ తగిలే చిన్న చిన్న దెబ్బలు కూడా లెక్కలోకి వస్తాయని ఇప్పుడు తెలుసు. అందుకే 2014లో హైస్కూళ్ల జాతీయ సమాఖ్య, పూర్తిగా గుద్దుకునే ప్రాక్టీస్ రోజుకు అరగంట, వారానికి 60 నుంచి 90 నిమిషాలు దాటొద్దని సూచించింది. మేం ఒక్క మంగళవారంలో అంతకన్నా ఎక్కువ గుద్దుకునేవాళ్లం.

2009లో వాషింగ్టన్ రాష్ట్రం ఒక చట్టం చేసింది. పదమూడేళ్ల జాకెరీ లిస్టెడ్ అనే పిల్లాడు కంకషన్ (తల దెబ్బకు మెదడు అదరడం) అయ్యాక కూడా అదే మ్యాచ్‌లో తిరిగి ఆడి, మెదడు తీవ్రంగా దెబ్బతిని మంచాన పడ్డాడు. ఆ చట్టం అతని పేరు మీదే ఉంది. అనుమానం వస్తే ఆ రోజుకు ఆట బంద్, కంకషన్‌లో శిక్షణ ఉన్న లైసెన్స్ పొందిన వైద్య నిపుణుడు రాసిచ్చాకే తిరిగి రావాలి. 2014 నాటికి అన్ని రాష్ట్రాల్లోనూ ఇలాంటి చట్టాలు వచ్చాయి. సైడ్‌లైన్ మీద నేను ఆ చట్టం పేరు చెప్పి పిల్లల్ని ఆపినప్పుడల్లా వాళ్లు నన్ను తిట్టుకుంటూ హెల్మెట్ నేలకేసి కొట్టేవాళ్లు. ఆ హెల్మెట్ తీసి నా కాళ్ల వెనక దాచేవాణ్ని, మళ్లీ పెట్టుకుని లోపలికి పరుగెత్తకుండా.

ఇక మీ అబ్బాయి. పంపమనీ చెప్పను, వద్దనీ చెప్పను. నాకు ఆ ఆట ఇచ్చింది నిజం, తీసుకున్నదీ నిజం. నా కొడుకు ఆడతానన్నప్పుడు నేను ఆ స్కూలు ప్రాక్టీసులు మూడు రోజులు చూశాకే సంతకం పెట్టాను. మీరూ అలాగే చేయండి. సర్టిఫికెట్ ఉన్న అథ్లెటిక్ ట్రైనర్ మైదానంలో ఉన్నాడా, ఫోన్ చేస్తే వచ్చేలా ఉన్నాడా అని అడగండి, ఆ రెండూ ఒకటి కాదు. ఎండ రోజుల్లో ఐసు నీళ్ల తొట్టి సిద్ధంగా ఉందా అని అడగండి. వడదెబ్బ తగిలితే ముందు అందులో దించి చల్లబరచాలి, ఆ తర్వాతే ఆంబులెన్స్ ఎక్కించాలి. టాకిల్ నేర్పేటప్పుడు పిల్లల కళ్లు ఎటు ఉన్నాయో చూడండి. అన్నిటికన్నా ముఖ్యం, ఎవరైనా పిల్లాడు నొప్పి అని పక్కకు వచ్చినప్పుడు కోచ్ ముఖం చూడండి. రూల్ పుస్తకాలన్నీ మారినా ఆ ముఖం మారని స్కూళ్లు నేను చూశాను. అలాంటి చోట అయితే వద్దని గట్టిగా చెబుతాను.

ఇంట్లో కూడా ఒక పని ఉంది. “దెబ్బ తగిలితే మాన్పించేస్తాను” అని వాడితో ఎప్పుడూ అనకండి. మా నాన్న ప్రేమతోనే అన్నారు, ఆ మాటతోనే నా నోరు మూతపడింది. చెబితే ఆట పోదు, దాస్తేనే పోతుందని ముందే ఒప్పందం చేసుకోండి, దాని మీద నిలబడండి. ఒక సీజన్‌లో రెండు వారాలు బెంచీ మీద కూర్చున్నా మళ్లీ మైదానంలోకి మీరే దింపుతారని వాడికి నమ్మకం ఉండాలి.

మొదటి ప్రాక్టీస్ రోజు మీకు సెలవు దొరికితే పొద్దున్నే వెళ్లి కంచె దగ్గర నిలబడండి. స్కోర్‌బోర్డూ, జెర్సీలూ తర్వాత చూడొచ్చు. ముందు నీళ్లు ఎక్కడ పెట్టారో, పిల్లలు ఎవర్నీ అడగకుండా వెళ్లి తాగుతున్నారో లేదో చూసి నాకు రాయండి.